ఐదు నిమిషాల్లో ఫైరింజన్ రావాలి! అమ్మకముందే జాగా పక్కన పెట్టాలి!

హైదరాబాద్ నగర ప్రజలకు, ముఖ్యంగా ఔటర్ రింగ్ రోడ్డుకు ఇటూ అటూ కొత్తగా ఇళ్ళు కట్టుకున్న కాలనీల వాళ్ళకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు, బస్తీ కమిటీలకు, దుకాణదారులకు, కార్మికులకు విజ్ఞప్తి.



2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో తుక్కు గోదాం తగలబడింది. పైన నిద్రపోతున్న బిహార్ కూలీల్లో 11 మంది చనిపోయారు. ఒక్కడు కిందికి దూకి బతికాడు. వాళ్ళు దిగడానికి ఉన్నది ఒకే ఒక్క ఇరుకు మెట్లదారి. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. 2023 మార్చి 16 సాయంత్రం స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పొగకు ఊపిరాడక పోయారు. ఉద్యోగం కోసం ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు వాళ్ళు. అదే సంవత్సరం నవంబరు 13న బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు పెట్టిన అపార్ట్‌మెంట్‌లో 9 మంది. 2025 మే 18 ఆదివారం పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో 17 మంది. అందులో 8 మంది చిన్నపిల్లలు.

ఇవన్నీ నగరం నడిబొడ్డున జరిగాయి. ఫైర్ స్టేషన్లు ఉన్నంతలో దగ్గర దగ్గరగా ఉన్నది అక్కడే. మరి ఇప్పుడు జనం ఎక్కడ స్థిరపడుతున్నారు? కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, బాచుపల్లి, కొంపల్లి, ఘట్‌కేసర్, ఆదిభట్ల, శంషాబాద్. నిన్నటిదాకా జొన్న చేలు, ద్రాక్ష తోటలు ఉన్న చోట ఇవాళ 30, 40 అంతస్తులు లేస్తున్నాయి. కోకాపేటలో 50 అంతస్తులు దాటిన టవర్లు కూడా వచ్చాయి. 2025 చివర్లో ఔటర్ చుట్టుపక్కల ఉన్న 27 పురపాలికలను ఒకేసారి నగరంలో కలిపారు. 650 చదరపు కిలోమీటర్ల నగరం 2,000 దాటింది. హద్దు మార్చడానికి ఒక ఉత్తర్వు చాలు. ఆ హద్దు చివరి ఇంటికి బండి చేరాలంటే మాత్రం స్టేషన్ కట్టాలి, సరైన చోట కట్టాలి.

ఈ కరపత్రం ఆ సరైన చోటు గురించే.

నిమిషాల లెక్క

పరుపులు, సోఫాలు, కర్టెన్లు, ప్లాస్టిక్ సామాను నిండిన ఇవాళ్టి గదిలో మంట అంటుకున్నాక గది మొత్తం ఒక్కసారిగా భగ్గుమనడానికి ఐదు నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. ఆ తర్వాత లోపల ఉన్నవాళ్ళను బతికించడం దాదాపు అసాధ్యం. అందుకే కేంద్ర హోం శాఖ దేశమంతటా చేయించిన అగ్నిప్రమాద అధ్యయనం నగరాల్లో బండి 5 నుంచి 7 నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో చేరాలని చెప్పింది. అమెరికా ప్రమాణాల్లోనైతే మొదటి బండి ప్రయాణానికి 4 నిమిషాలే ఇస్తారు.

ఈ నిమిషాల్లో ఏమేమి ఇరుక్కుని ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి. మనం 101కి ఫోన్ చేస్తాం. అడ్రసు చెప్తాం, అటువైపు వాళ్ళు రాసుకుంటారు. స్టేషన్‌లో గంట మోగుతుంది. లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, ఫైర్‌మన్లు బూట్లు తొడుక్కుని బండెక్కుతారు. వాళ్ళు ఎంత చురుగ్గా కదిలినా ఒక నిమిషం పైన అక్కడే పోతుంది. గేటు దాటాక రోడ్డు. మన కాలనీ కమాన్ దగ్గరికి వచ్చాక అడ్డంగా పెట్టిన కార్లు, వేలాడే కేబుల్ వైర్లు, అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లు. ఇల్లు దొరికాక గొట్టాలు విప్పాలి, మెట్లెక్కాలి. మంటకు మాత్రం ఇవేవీ తెలియవు, అది పెరుగుతూనే ఉంటుంది.

ఫైర్‌మన్ పరుగును ఇంకా పెంచలేం. ట్రాఫిక్‌ను రాత్రికి రాత్రి మాయం చేయలేం. ఈ మొత్తంలో ప్రభుత్వం ఒక్క సంతకంతో నిజంగా తగ్గించగలిగింది స్టేషన్‌కీ ఇంటికీ మధ్య ఉన్న దూరం ఒక్కటే.

స్టేషన్ ఎక్కడ కడుతున్నారు?

ఇన్నేళ్ళుగా జరుగుతున్న తీరు మనందరికీ తెలుసు. ఫలానా ఏరియాలో స్టేషన్ కావాలని జనం అడుగుతారు. మంజూరు అవుతుంది. అప్పుడు జాగా కోసం వెతుకులాట మొదలవుతుంది. మంచి రోడ్డు మీద ఉన్న సర్కారు భూమి అప్పటికే పోయి ఉంటుంది. మిగిలింది ఊరి చివర గుట్ట పక్కనో, చెరువు శిఖంలోనో, ఎవరికీ పనికిరాని మూలలోనో ఉంటుంది. దొరికిందే చాలనుకుని అక్కడే శంకుస్థాపన చేస్తారు. ఆ బోర్డు ముందు మనం కూడా చప్పట్లు కొడతాం. బండి మన ఇంటికి ఎన్ని నిమిషాల్లో వస్తుందని ఆ రోజు ఎవరూ అడగరు.

ఇక మీదట అడగాలి.

కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో 2023 ఆగస్టు నాటి ప్రభుత్వ వేలంలో ఎకరం 100 కోట్ల రూపాయలు దాటి పలికింది. వేలం అయిపోయాక ఆ ధర పెట్టి ఏ ప్రభుత్వమూ ఫైర్ స్టేషన్ కోసం భూమి కొనదు. వేలానికి ముందైతే అదే భూమి ప్రభుత్వానిది. లేఅవుట్ గీసేటప్పుడు ఒక గీత గీసి ‘ఇది అగ్నిమాపక కేంద్రానికి’ అని రాస్తే పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. పార్కులకు, ఖాళీ స్థలాలకు లేఅవుట్‌లో 10 శాతం వదలాలన్న నిబంధన ఉంది, దాన్ని అందరూ ఒప్పుకున్నారు. అలాంటప్పుడు వేల కుటుంబాలు ఉండబోయే చోట ఫైర్ స్టేషన్‌కు ఒక ఎకరం వదలడానికి అభ్యంతరం ఏముంటుంది? వేలం సొమ్ములో తగ్గేది ఎంత, మిగిలే ప్రాణాలు ఎన్ని?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో ఇచ్చిన ప్రణాళికా మార్గదర్శకాలు రెండు లక్షల జనాభాకు ఒక ఫైర్ స్టేషన్ ఉండాలంటాయి. అంటే కోటి మందికి 50. మన నగర జనాభా కోటి దాటి చాలా కాలమైంది. ఎన్ని స్టేషన్లు ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపు మీద గుర్తుపెట్టి ప్రతి వార్డు ఆఫీసులో గోడకు అంటించమని అడుగుదాం. ఆ మ్యాపు చూస్తే చాలు, ఖాళీలు ఎక్కడున్నాయో పదో తరగతి పిల్లవాడు కూడా వేలుపెట్టి చూపిస్తాడు.

ఇంకొక లెక్క కూడా తెలుసుకోవాలి. స్టేషన్లు రెట్టింపు చేస్తే దూరం సగమవుతుందని అనుకుంటాం. కాదు. సగటు దూరం సగం కావాలంటే స్టేషన్లు నాలుగింతలు కావాలి. 1970లలో న్యూయార్క్ అగ్నిమాపక శాఖ కోసం పనిచేసిన ర్యాండ్ అనే సంస్థ పరిశోధకులు తేల్చిన సూత్రం ఇది. అందుకే తప్పు చోట కట్టిన ఒక్కొక్క స్టేషన్ మనకు అంత నష్టం. అయితే అదే న్యూయార్క్‌లో అలాంటి లెక్కలే ఆధారంగా చూపి పేదల పేటల్లో కొన్ని స్టేషన్లు మూసేశారు. ట్రాఫిక్ ప్రభావాన్ని ఆ లెక్కలు సరిగ్గా పట్టుకోలేదని తర్వాత విమర్శలు వచ్చాయి. ఆ నగరంలోని బ్రాంక్స్‌లో పేటలకు పేటలు కాలిపోయాయి. మన దగ్గర కంప్యూటర్ మ్యాపు వేసి చూపించినప్పుడు అందులో సాయంత్రం ఆరున్నర ట్రాఫిక్ ఉందా, బస్తీ గల్లీలు ఉన్నాయా అని అడిగే హక్కు మనకు ఉంది.

వృత్తాలు గీస్తే సరిపోదు

మ్యాపు మీద స్టేషన్ చుట్టూ ఒక వృత్తం గీసి ఈ లోపల ఉన్నవాళ్ళందరికీ అందుతుందని చెప్తే నమ్మకండి. ఈ నగరంలో ఏ బండీ గీత గీసినట్టు తిన్నగా పోలేదు. మధ్యలో చెరువు ఉంటుంది. రైలు పట్టాలు ఉంటాయి, గేటు పడుతుంది. కంటోన్మెంట్‌లో మూసిన రోడ్లు ఉంటాయి. 158 కిలోమీటర్ల ఔటర్ మన కళ్ళ ముందే ఉంటుంది, కానీ అటు నుంచి ఇటు రావాలంటే ఇంటర్‌ఛేంజ్ దాకానో అండర్‌పాస్ దాకానో వెళ్ళి తిరగాలి. ట్రాఫిక్ కోసమని జంక్షన్లు మూసి యూటర్న్‌లు పెట్టారు కదా, స్టేషన్ గేటు ఎదురుగా డివైడర్‌లో దారి లేకపోతే కుడివైపు వెళ్ళాల్సిన బండి ముందు ఎడమవైపు వెళ్ళి యూటర్న్ దాకా పోవాలి. కాబట్టి స్టేషన్ గేటు ముందు డివైడర్ తెరిచి ఉండాలి, అక్కడ సిగ్నల్ బండికి దారి ఇవ్వాలి. ఈ చిన్న పనికి ఏళ్ళు పట్టకూడదు.

మూసీ సంగతి మర్చిపోకండి. 2025 సెప్టెంబరులో నది పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే నీళ్ళు వచ్చాయి. చాదర్‌ఘాట్ చిన్న వంతెన, మూసారాంబాగ్ వంతెన మూసేశారు. అలాంటి రోజున ఈ ఒడ్డున ఉన్న బండి ఆ ఒడ్డుకు సమయానికి చేరదు. వరదలో చిక్కినవాళ్ళను బయటికి తెచ్చేది కూడా ఈ సిబ్బందే. నదికి రెండు వైపులా స్టేషన్లు ఉండాలి, రెండింటిలో దేనికీ నీళ్ళు ఎక్కకూడదు. 2020 అక్టోబరు వానల్లో చెరువుల కింది కాలనీలు ఎలా మునిగాయో చూశాం. చెరువు శిఖంలో, చెరువు నిండితే నీళ్ళు చేరే ఎఫ్‌టీఎల్ పరిధిలో ఫైర్ స్టేషన్ కడితే అది అవసరమైన రోజునే మునుగుతుంది. పార్కు జాగాలో కూడా వద్దు. పిల్లల ఆటస్థలం తీసుకుని స్టేషన్ ఇస్తామంటే మేము ఒప్పుకోం.

‘గుల్జార్ హౌజ్‌కు దగ్గర్లోనే మొగల్‌పురా స్టేషన్ ఉంది, అయినా 17 మంది పోయారు కదా, కొత్త స్టేషన్లతో ఏమవుతుంది?’ అని కొందరు అంటున్నారు. ఆ మాట బాధతో అన్నది, దానికి జవాబు చెప్పాలి. ఆ ఇంటికి లోపలికీ బయటికీ ఉన్నది ఒకటే ఇరుకు దారి. పొగ ఆ దారిని మూసేసింది. అక్కడ కావాల్సింది గల్లీలో దూరే చిన్న బండ్లు, ఊపిరి తీసుకునే పరికరాలు పెట్టుకుని పొగలోకి వెళ్ళగల మనుషులు, ముందే జరిగే తనిఖీలు. అంటే పాతబస్తీ స్టేషన్‌కు పాతబస్తీకి సరిపోయే బండి ఉండాలి. కోకాపేట స్టేషన్‌కు ఎత్తు నిచ్చెన ఉండాలి. అదీ అన్నిటికీ చాలదు, మన దగ్గర పేరున్న బ్రాంటో నిచ్చెన ఎత్తు 54 మీటర్లు, అంటే సుమారు 18 అంతస్తులు. ఆ పై అంతస్తుల వాళ్ళకు భవనంలో ఉన్న పంపులు, స్ప్రింక్లర్లు, మెట్లదారులే దిక్కు. జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు, పాశమైలారం వైపు స్టేషన్లకు నురగ చల్లే ఏర్పాట్లు, రసాయనాలు తెలిసిన సిబ్బంది ఉండాలి. పాశమైలారంలో 2025 జూన్ 30న ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు పోయిన సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. చోటు ఎంచుకోవడం అంటే ఆ చుట్టుపక్కల ఏముందో, రాత్రిపూట ఎవరు ఎక్కడ నిద్రపోతున్నారో తెలుసుకుని ఎంచుకోవడం.

బోయిగూడలో పోయిన 11 మందికి ఏ కాలనీ సంఘమూ లేదు. ఎవరూ వాళ్ళ తరఫున వినతిపత్రం ఇవ్వలేదు. గోదాం పైన పడుకునే కూలీ, సైటు మీద రేకుల షెడ్డులో పిల్లలతో ఉండే తాపీ మేస్త్రీ, హాస్టల్ గదిలో ఆరుగురితో సర్దుకునే విద్యార్థి, వీళ్ళను లెక్కలోకి తీసుకోని ఏ మ్యాపునూ మనం ఆమోదించకూడదు. గొంతు ఉన్న గేటెడ్ కమ్యూనిటీకి స్టేషన్ వచ్చి, పక్క బస్తీకి బండి తిరగని దారి మిగిలితే మనం గెలిచినట్టు కాదు.

మనం చేయాల్సిన పని

ముందుగా కొలుద్దాం. మీ ఇంటికి దగ్గరి ఫైర్ స్టేషన్ ఎక్కడుందో తెలుసుకోండి. పొద్దున తొమ్మిదిన్నరకు ఒకసారి, సాయంత్రం ఆరున్నరకు ఒకసారి ఆ స్టేషన్ గేటు నుంచి మీ కాలనీలో అన్నిటికంటే లోపలి ఇంటి దాకా కారులో వచ్చి చూడండి. బైకు లెక్కలోకి రాదు. నిజం తెలియాలంటే మీ గల్లీకి నీళ్ళు తెచ్చే ట్యాంకర్ డ్రైవర్‌ను అడగండి. ఫైరింజన్ కూడా 4,500 లీటర్ల నీళ్ళు మోసే అలాంటి బరువు బండే. ఏ మూలలో తిరగదో, ఏ కమాన్ కింద పట్టదో, ఏ వైరు తగులుతుందో, ఎవరి కారు రోజూ అడ్డమో అతనికి తెలిసినంతగా ఇంజినీరుకు కూడా తెలియదు. అతను చెప్పింది కాగితం మీద రాయండి. ఆ 4,500 లీటర్లు రెండు గొట్టాలతో కొడితే కొద్ది నిమిషాల్లోనే అయిపోతాయి కాబట్టి బండి మళ్ళీ ఎక్కడ నింపుకుంటుందో కూడా రాయండి.

తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మన ప్రాంతానికి గత మూడేళ్ళలో వచ్చిన ప్రతి కాల్‌కు ఫోన్ అందిన టైము, బండి కదిలిన టైము, చేరిన టైము ఇవ్వమని అడుగుదాం. మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, సిబ్బందికి దగ్గర్లో క్వార్టర్లు ఉన్నాయా అని కూడా అడుగుదాం. మనుషులు లేని స్టేషన్ ఉత్త గోడలే.

ఆ కాగితాలు చేతిలో పట్టుకుని ప్రభుత్వాన్ని అడిగేది ఇదీ: హెచ్ఎండీఏ తయారుచేస్తున్న కొత్త మాస్టర్ ప్లాన్‌లో ఫైర్ స్టేషన్ల స్థలాలు సర్వే నంబర్లతో సహా గుర్తించాలి. ఆ స్థలాలు గుర్తించేదాకా ఆ ప్రాంతంలో ప్రభుత్వ భూమి వేలం వేయొద్దు. ప్రతి స్టేషన్ చోటును నిమిషాల మ్యాపుతో, రద్దీ వేళ కొలతతో సమర్థించి, ఆ మ్యాపును జనం ముందు పెట్టి అభ్యంతరాలు విన్నాకే ఖరారు చేయాలి. పెద్ద స్టేషన్‌కు జాగా దొరకని పాత పేటల్లో ఒకటి రెండు బండ్లతో చిన్న స్టేషన్లు వెంటనే పెట్టాలి, దానికి పెద్ద భవనం అక్కర్లేదు. డబ్బు లేదన్న మాట చెల్లదు. రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు కేంద్రం 2023 జులైలో 5,000 కోట్ల పథకం పెట్టింది, రాష్ట్రం తన వాటాగా 25 శాతం వేసుకోవాలి. డబ్బు ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది వస్తుంది. అమ్మేసిన జాగా మాత్రం తిరిగి రాదు.

మన వైపు నుంచి కూడా ఒక మాట ఇవ్వాలి. స్టేషన్ మా ఇంటి పక్కన వద్దు, సైరన్ మోత అని ఎవరూ అడ్డుపడొద్దు. ఆ మోత విన్నప్పుడు ఎవరి పిల్లలో బతకడానికి బండి పోతోందని గుర్తుచేసుకోండి. గల్లీలో అడ్డంగా కార్లు పెట్టొద్దు. కమాన్ కట్టేటప్పుడు ఫైరింజన్ పట్టేంత ఎత్తు, వెడల్పు పెట్టండి. సెల్లార్లలో సామాను నింపొద్దు, మెట్ల దారికి తాళం వేయొద్దు.

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ చనిపోయిన ఫైర్‌మన్ల జ్ఞాపకంగా జరుపుతారు. ఆ వారంలో పిల్లలను తీసుకుని మీ స్టేషన్‌కు వెళ్ళండి. అక్కడి స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌ను ‘సార్, ఇంకో స్టేషన్ పెడితే ఎక్కడ పెట్టాలంటారు?’ అని అడగండి. రోజూ ఆ రోడ్ల మీద పరుగులు పెట్టే మనిషి చెప్పే జవాబుకు చాలా విలువ ఉంటుంది.

అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి సోమవారం సోమవారం జరుగుతుంది. వచ్చే సోమవారం పొద్దున ప్రతి కాలనీ నుంచి, ప్రతి బస్తీ నుంచి కనీసం ఇద్దరు తమ కొలతల కాగితం పట్టుకుని రండి. కార్పొరేషన్ ఆఫీసులోనూ కలెక్టరేట్‌లోనూ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆ రసీదు ఫోటో పక్క కాలనీ వాళ్ళకు పంపండి, వాళ్ళను కూడా కదిలించండి. ఈ కరపత్రం చదివాక పారేయకండి, మీ లిఫ్టు దగ్గరో కిరాణా కొట్టు గోడ మీదో అంటించండి.

ఇట్లు,
మీ ఇరుగుపొరుగు కాలనీల, బస్తీల వాసులు